మెట్ట ప్రాంతంలో చెట్ల విస్తీర్ణం: హెక్టారుకు ఎన్ని చెట్లన్నది వానే చెప్పాలి

ప్రశ్న ఇదీ: ఏడాదికి 350 నుంచి 600 మిల్లీమీటర్ల వాన పడే ప్రాంతం. చెట్ల విస్తీర్ణం పెంచడానికి పదేళ్ల ప్రణాళిక రాయాలి. ఏటా లక్షల్లో మొక్కలు నాటుతున్నారు, మూడో ఏటికి పావు వంతు కూడా మిగలడం లేదు. జాతులు మార్చాలా, నీళ్లు ఎక్కువ పొయ్యాలా, డబ్బు పెంచాలా?

మూడింటిలోనూ సరిచేసుకోవాల్సింది ఉంది. కానీ ముందు మారాల్సింది కొలత. ప్రణాళిక మొదటి పేజీలో "ఇన్ని లక్షల మొక్కలు" అని రాశారంటే కింద ప్రతి నిర్ణయం ఆ అంకెకే లొంగుతుంది. నర్సరీలో సంచి చిన్నదవుతుంది, గుంత లోతు తగ్గుతుంది, నేలలో పదును (నాటడానికి సరిపడే తడి) ఉన్నా లేకపోయినా తేదీ ప్రకారం నాటేస్తారు. దాని బదులు రెండు అంకెలు రాయండి. ఈ నేల మీద పడే వాన హెక్టారుకు ఎన్ని చెట్లను మోయగలదు? అయిదో ఏడు ఎండాకాలం చివర వాటిలో ఎన్ని బతికి ఉండాలి? జాతి, సంచి, కాపలా, చెల్లింపు అన్నీ ఆ రెండు అంకెలను బట్టి తేలతాయి.

మొదటి అంకె ఎలా తేల్చాలో చూద్దాం. ఏడాది వానను, ఆ వాతావరణం నేల నుంచీ ఆకుల నుంచీ లాగేయగల నీటితో భాగిస్తే వచ్చేది శుష్కతా సూచిక. 0.65 కన్నా తక్కువైతే పొడి ప్రాంతం. 0.5 నుంచి 0.2 దాకా పాక్షిక శుష్కం, 0.2 నుంచి 0.05 దాకా శుష్కం. 500 మిల్లీమీటర్ల వాన పడి, ఆవిరయ్యే శక్తి 1,700 మిల్లీమీటర్లు ఉన్న చోట సూచిక 0.29. అంటే వాతావరణం అడుగుతున్న దానిలో మూడో వంతు కూడా వాన ఇవ్వడం లేదు. వట్టి వర్షపాతం అంకె చూసి వేరే దేశపు పద్ధతిని తెచ్చుకుంటే ఇక్కడే దెబ్బతింటారు. ఇజ్రాయెల్‌లోని యాతిర్ అడవిలో ఏడాదికి దాదాపు 280 మిల్లీమీటర్ల వానతోనే అలెప్పో పైన్ చెట్లు నిలిచాయి. అక్కడ వాన చలికాలంలో పడుతుంది, ఆవిరి నష్టం తక్కువ. మండే ఎండల మధ్య పడే 280 మిల్లీమీటర్లకు అంత బలం ఉండదు.

ఇప్పుడు లెక్క. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మూడు మీటర్ల గుబురు ఉన్న ఓ మోస్తరు చెట్టు వేళ్లు నీళ్లు తీసుకునే మేర సుమారు 9 చదరపు మీటర్లు అనుకుందాం. దాని అవసరం ఏడాదికి 700 మిల్లీమీటర్లు. వాన విషయంలో సగటు తీసుకోకండి, మూడేళ్లలో రెండేళ్లు కచ్చితంగా పడే మోతాదు తీసుకోండి. అది 400 అనుకుంటే లోటు 300. ఆ లోటు చుట్టూ ఉన్న నేల మీద నుంచి పారివచ్చే నీటితో తీరాలి. పడిన వానలో 30 శాతం పారుతుంది, పారినదాంట్లో సగమే వేళ్లకు అందుతుంది అనుకుంటే, ఒక చదరపు మీటరు వాలు నుంచి చెట్టుకు చేరేది 400 × 0.3 × 0.5 = 60 లీటర్లు. చెట్టుకు లోటు 9 × 300 = 2,700 లీటర్లు. అంటే 45 చదరపు మీటర్ల వాలు కావాలి. చెట్టు నిలబడిన 9 కూడా కలిపితే 54. హెక్టారుకు 185 చెట్లు.

అదే లెక్కను వాన 300 మిల్లీమీటర్లే పడే ఏడాదికి వేసి చూడండి. ఒక్కో చెట్టుకు 80 చదరపు మీటర్ల వాలు కావాలి, హెక్టారుకు 112 చెట్లకు పడిపోతుంది. చాలా పథకాల్లో అచ్చువేసినట్టు కనిపించే ఎడం 3 × 3 మీటర్లు, అంటే హెక్టారుకు 1,111 మొక్కలు. కొన్ని చోట్ల 2 × 2, అంటే 2,500. అవి తడి ప్రాంతాల కలప తోటల కోసం పుట్టిన కొలతలు. మెట్టలో అన్ని నాటితే మిగిలేది ఆ ఒకటీ రెండు వందలే. ఏవి మిగలాలన్న ఎంపిక మాత్రం మీ చేతిలో ఉండదు.

వాలు మీద పారివచ్చే నీటి శాతం ఊహించి వేయకండి. పైన పెచ్చు కట్టే నేలల్లో, వాలు మీద, 30 శాతం దాకా రావచ్చు. గడ్డి బాగా పట్టిన ఇసుక నేలలో 10 శాతం కూడా పారదు, నీళ్లు నేరుగా లోతుకు దిగిపోతాయి. అలాంటి చోట వాలు నీళ్లు పట్టే కట్టలకు డబ్బు పెట్టడం దండగ. ఎడం పెంచి, తల్లివేరు లోతుకు దిగే జాతులను ఎంచుకోవడమే మార్గం.

ఎక్కువ చెట్లు పెట్టినా మొదటి నాలుగైదేళ్లు తేడా తెలియదు. కింద పొరల్లో ఏళ్ల తరబడి నిలవున్న చెమ్మను తాగి చెట్లు ఏపుగా పెరుగుతాయి. ఆ చెమ్మ అయిపోయాక వచ్చే మొదటి పెద్ద బెట్టకు పై కొమ్మలు ఎండడం మొదలవుతుంది. చైనాలో లోయస్ పీఠభూమి మీద, 1978లో మొదలైన త్రీ నార్త్ అనే చెట్ల పెంపకం పథకం పరిధిలో, పొడి భాగాల్లో నాటిన పోప్లర్లు చాలాచోట్ల ఇలాగే గిడసబారి ఆగిపోయాయి. వాటికి అక్కడివాళ్లు పెట్టిన పేరుకు అర్థం "చిన్న ముసలి చెట్లు". వయసు ముప్పై, ఎత్తు కొద్ది మీటర్లే. ఫొటో తీసి చూపిస్తే అయిదేళ్ల మొక్కలంటారు.

"చెట్లు పెంచితే వాగుల్లో నీళ్లు పెరుగుతాయి" అనే మాటను ప్రణాళికలో గుడ్డిగా రాయకండి. దట్టమైన తోట గడ్డి నేలకన్నా ఎక్కువ నీళ్లు తాగుతుంది. దక్షిణాఫ్రికా 1998 నాటి నీటి చట్టంలో వాణిజ్య కలప తోటలను నదీ ప్రవాహాన్ని తగ్గించే కార్యకలాపంగానే పెట్టింది. నీటిని మింగుతున్న విదేశీ జాతుల చెట్లను కొట్టించడానికి 1995 నుంచి ఒక కార్యక్రమమే నడుపుతోంది. అలాగని చెట్టు నీటికి శత్రువు కాదు. బుర్కినా ఫాసోలోని సపోనే ప్రాంతంలో జరిగి 2016లో వెలువడిన అధ్యయనం ప్రకారం చెట్లు బొత్తిగా లేని చోటా, మరీ దట్టంగా ఉన్న చోటా కన్నా పలచగా ఉన్న చోటే భూగర్భంలోకి ఎక్కువ నీరు దిగింది. వేళ్లూ పురుగులూ చేసిన సందుల్లోంచి వాన లోపలికి పోతుంది. చెట్లు పలచగా ఉన్నప్పుడు ఆ లాభం అవి తాగేదానికన్నా ఎక్కువ. ఎన్ని చెట్ల దగ్గర ఈ తూకం తిరగబడుతుందన్నది నేలను బట్టి మారుతుంది. లక్ష్యం మాత్రం తోపు కాదు, ఎడంగా నిలిచిన చెట్లు అని దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఎక్కడ నాటకూడదో కూడా ప్రణాళికలో రాయాలి. పటంలో "బీడు" అని రంగు వేసిందంతా పాడైపోయిన అడవి కాదు. అందులో వేల ఏళ్లుగా గడ్డి మైదానంగానే ఉన్న నేల కూడా ఉంటుంది. 2019లో ప్రపంచవ్యాప్తంగా 90 కోట్ల హెక్టార్లలో అదనంగా చెట్లు పెంచే వీలుందని ఒక లెక్క వచ్చినప్పుడు, అందులో సహజమైన గడ్డి నేలలను కూడా కలిపేశారని పర్యావరణ శాస్త్రవేత్తలు గట్టిగానే ఆక్షేపించారు. నేల మీద గుర్తు పట్టడం కష్టం కాదు. ఏళ్ల తరబడి బతికే గుబురు గడ్లు, నేలలో దుంపలున్న చిన్న మొక్కలు రకరకాలుగా ఉండి, పాత మోళ్లు ఎక్కడా లేకపోతే అది గడ్డి నేల. దాన్ని వదిలేయండి. కొట్టేసిన మోళ్లు, వాటి చుట్టూ మేకలు కొరికి పొదల్లా మిగిల్చిన పిలకలు, పాత పటాల్లోనూ ఊళ్ల పేర్లలోనూ చెట్ల పేర్లు ఉంటే అది పోయిన అడవి. మీ డబ్బు అక్కడ పెట్టండి.

అక్కడ కూడా నాటడం చివరి పనే. మొదటి పని నేలలో ఇప్పటికే బతికి ఉన్న వేళ్లను చెట్లుగా లేపడం. మోడు కింద వేళ్లు మీటర్ల లోతున ఉంటాయి. నర్సరీ మొక్క పదేళ్లు కష్టపడి చేరాల్సిన చెమ్మ దానికి ఇప్పటికే అందుతోంది. నైజర్‌లోని మరాది ప్రాంతంలో ఆస్ట్రేలియా వ్యవసాయ నిపుణుడు టోనీ రినాడో 1983 ప్రాంతంలో రైతులతో కలిసి ఈ పద్ధతిని విస్తరించడం మొదలుపెట్టారు. తర్వాతి ఇరవై ఏళ్లలో ఆ దేశంలో సుమారు 50 లక్షల హెక్టార్ల పొలాల్లో చెట్లు తిరిగి లేచాయి. అందులో నర్సరీ మొక్కల వాటా నామమాత్రం.

పని ఇలా ఉంటుంది. ఆకు రాలిన కాలంలో పొలమంతా తిరిగి బతికున్న మోళ్లను లెక్కపెట్టి గుర్తు వేస్తారు. పంట పొలంలో హెక్టారుకు 40 నుంచి 100 దాకా ఉంచుకోవచ్చు. ఒక్కో మోడుకు ఇరవై ముప్పై పిలకలు ఉంటాయి. వాటిలో నిటారుగా, మొదలు దగ్గర బలంగా అతుక్కున్న మూడు నుంచి అయిదు పిలకలను ఉంచి మిగతావి నేలమట్టానికి కోసేస్తారు. ఉంచిన వాటికి కింది సగం ఎత్తు వరకు పక్క కొమ్మలు తీసేస్తారు. కోత పైకి వాలుగా, పదునైన కత్తితో పడాలి. లాగి విరిస్తే బెరడు చీలి చెదలు పడతాయి. కోసిన ముళ్ల కొమ్మలను ఆ మోడు చుట్టూనే పేరిస్తే మొదటి ఏడాది కంచె కూడా అయిపోతుంది. రెండు మూడు నెలలకోసారి వచ్చి కొత్త పిలకలు తీసేయాలి. రెండో ఏడాది నుంచి ఉంచిన కాండాల్లో ఒకదాన్ని వంటచెరకుకు కోసుకుని, దాని బదులు ఒక కొత్త పిలకను వదలవచ్చు. రైతు చేతికి ఏదో ఒకటి త్వరగా రావాలి, లేకపోతే మూడో ఏడాది ఎవరూ ఆ మోళ్ల వైపు చూడరు. ఒక్కటే పిలకను ఉంచితే త్వరగా ఎత్తు పెరుగుతుంది గానీ, మేక ఒక్కసారి నోరు పెట్టినా గాలికి విరిగినా అంతా పోతుంది. అందుకే మూడు.

మోళ్లు చాలని చోట గింజ వేయాలి. తుమ్మ జాతుల గింజల పొట్టు గట్టిది. మరిగించి పొయ్యి మీద నుంచి దించిన నీళ్లలో గింజలు వేసి, ఆ నీళ్లలోనే 24 గంటలు చల్లారనిస్తే ఉబ్బుతాయి. ఉబ్బనివాటికి మళ్లీ అదే చెయ్యాలి. వేప సంగతి వేరు. గింజ కొన్ని వారాల్లోనే మొలక శక్తి కోల్పోతుంది, గుజ్జు కడిగి నీడలో ఆరబెట్టి రెండు వారాల్లోపు వేసేయాలి. గోదాములో ఆరు నెలలు ఉంచిన వేప గింజను టెండరులో కొని నర్సరీకి ఇస్తే మొలిచేది ఏమీ ఉండదు. విత్తే లోతు గింజ మందానికి రెండు మూడు రెట్లు, అంతకు మించితే బయటికి రాదు. చీమలు, ఎలుకలు తినే వాటా ఎక్కువగానే ఉంటుంది కాబట్టి ఒక్కో చోట నాలుగైదు గింజలు వేయండి. ఏ జాతి అయినా గింజ కనీసం 25–30 తల్లి చెట్ల నుంచి, ఒకదానికొకటి యాభై మీటర్లకు తగ్గకుండా దూరం ఉన్నవాటి నుంచి, మీ ప్రాంతంతో సమానమైన వాన పడే చోటు నుంచి సేకరించాలి. బస్టాండు పక్కన అందుబాటులో ఉన్న ఒక్క చెట్టు గింజతో లక్ష మొక్కలు పెంచితే అవన్నీ ఒకే రోగానికి పడిపోతాయి.

ఇక నర్సరీ. మెట్టకు పంపే మొక్కలో చూడాల్సింది వేరు. ఎత్తు చూసి మోసపోకండి. సంచి లోతు 25 నుంచి 30 సెంటీమీటర్లు ఉండాలి. మొక్క ఎత్తు 30–45 సెంటీమీటర్లు చాలు, మొదలు దగ్గర దాదాపు పెన్సిల్ మందం ఉండాలి. రెండు మీటర్ల ఎత్తు మొక్క ప్రారంభోత్సవానికి అందంగా ఉంటుంది, కానీ పైన ఉన్న ఆకులన్నిటికీ నీళ్లు అందించేంత వేరు సంచిలో ఉండదు. నున్నటి పాలిథీన్ సంచిలో తల్లివేరు అడుగుకు తగిలి గుండ్రంగా చుట్టుకుంటుంది. నాటాక కూడా ఆ చుట్ట విప్పుకోదు. మూడో నాలుగో ఏట మొదలు దగ్గర తన వేరే తనను బిగించి చెట్టు పడిపోతుంది. లోపల నిలువు గీతలున్న గట్టి గొట్టాలు, అడుగున రంధ్రం, నేలకు తగలకుండా వల మీద ఎత్తుగా అమర్చడం, ఇదీ విరుగుడు. అప్పుడు గాలికి వేరు కొస తనంతట తానే ఎండి, పక్క వేళ్లు పుట్టుకొస్తాయి. సంచులే వాడాల్సి వస్తే మూడు నాలుగు వారాలకోసారి కదిపి, నేలలోకి దిగిన వేళ్లు కత్తిరించాలి. బయటికి పంపే ముందు నాలుగు నుంచి ఆరు వారాలు నీడ తీసేసి, నీళ్లు క్రమంగా తగ్గించి, నత్రజని ఆపేయాలి. నర్సరీలో ముదురాకుపచ్చగా నిగనిగలాడే మొక్క మెట్టలో మొదటి వారమే వాడిపోతుంది.

సరుకు దిగినప్పుడు చేయాల్సిన పరీక్ష చాలా తేలిక. లోడు నుంచి పది మొక్కలు చూడకుండా తీసి సంచులు కోసి చూడండి. మూడింటిలో తల్లివేరు చుట్టుకుని ఉంటే లోడు వెనక్కి. ఈ ఒక్క వాక్యం కొనుగోలు నిబంధనల్లో పెడితే నర్సరీలు రెండేళ్లలో దారికొస్తాయి.

గుంత 45 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతు. వానలకు నెలా రెండు నెలల ముందే తవ్వి ఎండనివ్వాలి. పై 15 సెంటీమీటర్ల మట్టిని విడిగా పోసి, నాటేటప్పుడు అదే అడుగున వేయాలి. యంత్రపు బరమాతో రేగడిలో తవ్వితే గోడలు నున్నగా కుండలా తయారవుతాయి, వేరు అవతలికి పోలేదు. గడ్డపారతో గోడల్ని గీరి గరుకు చేయించండి. అడుగున సుద్ద పొర తగిలితే పగలగొట్టాలి, కుదరకపోతే ఆ చోటు వదిలేయాలి. పూడ్చాక మట్టి మట్టం చుట్టూ ఉన్న నేలకన్నా పది సెంటీమీటర్లు తక్కువ ఉంటే పాదు దానంతట అదే ఏర్పడుతుంది.

వాలు నేలలో అర్ధచంద్రాకారపు కట్టలు బాగా పనిచేస్తాయి. నాలుగు మీటర్ల వ్యాసం, కొసలు రెండూ ఒకే మట్టంలో, నోరు ఎగువకు. ఎగువ వరసలో రెండు కట్టల మధ్య ఖాళీకి సరిగ్గా కింద దిగువ వరస కట్ట రావాలి. సమోన్నత రేఖ (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) గీయడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. రెండు మీటర్ల కర్రలు రెండు, అడ్డంగా ఒకటి, మధ్యలో దారానికి కట్టిన రాయి చాలు. కొసల్లో ఒకటి అయిదు సెంటీమీటర్లు పల్లంగా ఉన్నా నీళ్లన్నీ అటే పోయి కట్ట తెగుతుంది, తెగిన కట్ట నీళ్లు కింది కట్టను తెంపుతాయి. పొడవైన కందకాల్లోనూ ఇదే ప్రమాదం, అందుకే అయిదారు మీటర్లకోసారి తవ్వకుండా అడ్డు వదలాలి. మొక్కను కట్టలోపల అట్టడుగున పెట్టకండి. బంకనేలలో అక్కడ నీళ్లు రెండు మూడు రోజులు నిలిచి వేరు ఊపిరాడక చస్తుంది. కట్ట లోపలి అంచున, నీటి మట్టానికి ఒక మెట్టు పైన పెట్టాలి. పశ్చిమాఫ్రికా జాయ్ గుంతలు ఇంకా చిన్నవి: 20–30 సెంటీమీటర్ల వెడల్పు, 10–20 లోతు, అడుగున పిడికెడు ఎరువు. ఆ ఎరువు కోసం వచ్చే చెదలే గట్టి నేలను గుల్ల చేసి వానకు దారి ఇస్తాయి. బుర్కినా ఫాసో రైతు యాకూబా సవాదోగో జొన్న కోసం ఈ గుంతలు తీస్తే, ఎరువులో వచ్చిన చెట్ల గింజలు కూడా మొలిచాయి. వాటిని తీసెయ్యకుండా ఉంచడం ఆయన చేసిన తెలివైన పని.

నాటే రోజును క్యాలెండరు నిర్ణయించకూడదు. ఇనుప ఊచ గుచ్చితే 30–40 సెంటీమీటర్ల దాకా తేలిగ్గా దిగాలి, అంత లోతు పదును అయ్యాకే నాటాలి. ఆ పదును వచ్చాక పోయే ప్రతి వారం, వేరు లోతుకు పోయే వ్యవధిని తినేస్తుంది. వానాకాలం సగం దాటితే ఆ ఏడాదికి ఆపేయండి. మిగిలిన మొక్కలకు సంజాయిషీ అడిగే పద్ధతి ఉన్నంతకాలం, ఆలస్యంగానైనా నాటేసి లెక్క చూపిస్తారు.

మొదటి రెండు వానాకాలాల్లో మొదలు చుట్టూ అర మీటరు మేర కలుపు రెండు మూడు సార్లు తీయడం, నీళ్లు పోయడం కన్నా చవకైన సంరక్షణ. గడ్డి వేళ్లు పై పొర చెమ్మను మొక్కకన్నా ముందు లాగేస్తాయి. ఎండాకాలంలో నీళ్లు పోయాల్సి వస్తే రోజూ మగ్గెడు కాదు, పది పదిహేను రోజులకోసారి పది లీటర్లు, 40 సెంటీమీటర్ల లోతుకు దిగేసిన గొట్టంలోంచి. పైన తడిపితే వేళ్లు పైకే వస్తాయి. కానీ నీళ్ల మీద ఆధారపడే ముందు ఈ గుణకారం చేయండి: హెక్టారుకు సుమారు 200 మొక్కలు, పది లీటర్లు, పది విడతలు, మొత్తం 20,000 లీటర్లు. పది వేల హెక్టార్లకు 20 కోట్ల లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకరు 40,000 సార్లు తిరగాలి, అదీ తాగునీటికి కటకటలాడే నెలల్లో. రోడ్డు పక్కన సాధ్యం, కొండ మీద కాదు.

చచ్చిన మొక్కను పీకి చూడకుండా కారణం "వాన లేదు" అని రాసేస్తారు. పీకితే చాలా తెలుస్తుంది. వేరు ముద్ద ఇంకా సంచి ఆకారంలోనే ఉంటే ఆలస్యంగా నాటారు, లేదా చుట్టవేరు మొక్క. వేరు డొల్లగా ఉండి మట్టి గొట్టాలు కనిపిస్తే చెదలు. మొదలు చుట్టూ ఉంగరంలా బెరడు కొరికి ఉంటే ఎలుకలో కుందేళ్లో. మొదలు నల్లబడి మెత్తగా ఉంటే నీళ్లు నిలిచాయి, లేదా నేల మీద కప్పే ఆకుల మల్చింగ్‌ను కాండానికి ఆనించి పోశారు, నాలుగు వేళ్ల దూరం వదలాలి. కొస ఎండిపోయినా మొదలు దగ్గర గోటితో గీకితే పచ్చగా ఉంటే అది చావలేదు, వానకు మళ్లీ చిగురిస్తుంది. అలాంటివాటిని పీకేసి కొత్తవి నాటడం రెండింతల నష్టం.

జాతుల గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే అది చోటును బట్టి మారుతుంది. ఒక్క జాతి మూడో వంతు దాటకూడదు. చైనాలోని నింగ్‌షియాలో వరసలు వరసలుగా పెంచిన పోప్లర్లను పొడవు మీసాల పెంకు పురుగు తొలిచేసి కోట్లలో కొట్టాల్సి వచ్చింది. 1970లలో అల్జీరియా మొదలుపెట్టిన గ్రీన్ డ్యామ్ అనే చెట్ల పట్టీలో చాలాభాగం అలెప్పో పైన్ ఒక్కటే, గొంగళి పురుగులు దాన్ని తినేశాయి. "ఏమీ చేయకపోయినా పెరుగుతుంది" అని సర్కారు తుమ్మను ఎంచుకుంటే, నిజంగానే ఏమీ చేయనవసరం లేకుండా మేత నేలల్నీ వాగుల్నీ ఆక్రమిస్తుంది. కెన్యాలోని బరింగో ప్రాంతంలో దాన్ని 1980లలో నాటారు, ఇప్పటికీ ఆ బాధ పడుతున్నారు. పొలాల్లో పెంచడానికి ఆఫ్రికాలోని ఫైదర్బియా ఆల్బిడా లాంటి చెట్టు విలువ చూడండి. అది వానాకాలంలో ఆకు రాల్చి, ఎండాకాలంలో తొడుగుతుంది. పంటకు నీడ అడ్డురాదు, మేత కరువైన నెలల్లో కాయలు దొరుకుతాయి. మీ దగ్గర అలాంటి అలవాటున్నవి ఏవో రైతులనే అడగండి.

ఇప్పుడు విధానం. నైజర్ అనుభవంలో తేడా తెచ్చింది చేతిపని ఒక్కటే కాదు. వలస పాలన నాటి నుంచి చెట్టు ప్రభుత్వ ఆస్తి, తన పొలంలోదైనా కొడితే జరిమానా. అలాంటప్పుడు రైతుకు తెలివైన పని చిన్న మొలకగా ఉండగానే దున్నేయడం. 1980ల మధ్య నుంచి ఆ అమలు సడలి, చెట్టు తనదేనన్న నమ్మకం కలిగాకే పిలకలను వదలడం మొదలైంది. మీ చట్టాల్లో రైతు తాను పెంచిన చెట్టు కొట్టడానికి, కలప తరలించడానికి ఎన్ని సంతకాలు కావాలో లెక్కపెట్టండి. స్థానిక జాతులకు అనుమతి కావాలి, విదేశీ జాతులకు అక్కర్లేదు అని ఉంటే, రైతులు యూకలిప్టస్ వైపు ఎందుకు పోతున్నారో వేరే చెప్పనక్కర్లేదు.

మేత రెండో ముడి. మొత్తం ఒకేసారి మూసేస్తే కంచె ఎంత గట్టిదైనా ఒక ఎండాకాలం కూడా నిలవదు. మూడో వంతు మూసి, రెండు వంతులు తెరిచి ఉంచండి. మూసిన భాగంలో గడ్డి కోసుకుపోనివ్వండి, పశువును మాత్రం రానివ్వకండి. మొక్క కొస మేక నోటికి అందని ఎత్తుకు చేరాక, మామూలుగా మూడు నుంచి అయిదేళ్లకు, దాన్ని తెరిచి ఇంకో భాగం మూయాలి. టాంజానియాలోని షిన్యాంగాలో న్గితిలి అనే పాత మేత కట్టుబాటును 1986 తర్వాత మళ్లీ నిలబెడితే మూడు లక్షల హెక్టార్లకు పైగా తిరిగి పచ్చబడింది. ఎండాకాలపు మేత కోసం కొంత నేలను మూసి ఉంచడం అక్కడి పశువులకాపర్లకు ముందే తెలుసు. బయటినుంచి తెచ్చిన నియమం కాదు కాబట్టే కాపలా ఖర్చు తగ్గింది.

డబ్బు సంగతి. గింజ ఈ ఏడాది సేకరించాలి, మొక్క వచ్చే ఏడాదికి తయారవుతుంది, సంరక్షణ ఆ తర్వాత మూడేళ్లు. ఏడాదికోసారి మురిగిపోయే బడ్జెట్‌తో ఇది నడవదు. అయిదేళ్ల నిధిని ముందే విడిగా పెట్టాలి. చెల్లింపులు నేను ఇలా విడగొడతాను: గుంతలు, కట్టలు కొలిచాక 30 శాతం, నాటాక 20, మొదటి ఎండాకాలం దాటాక 20, మూడో ఎండాకాలం దాటాక 30. నాటగానే 90 శాతం ఇచ్చేస్తే తర్వాత అటు తిరిగి చూసేవాళ్లుండరు. పిలకలను లేపిన హెక్టారుకు కూడా ఇదే లెక్కన చెల్లించాలి. నాటిన మొక్కకే డబ్బంటే మోళ్లను తవ్విపారేసి గుంతలు తీస్తారు.

లెక్కింపు ఎప్పుడూ ఎండాకాలం చివరే. వాన తర్వాత ఉపగ్రహ చిత్రంలో కలుపు కూడా అడవిలాగే పచ్చగా కనిపిస్తుంది. పది మీటర్ల చదరాల చిత్రాల్లో విడివిడిగా ఉన్న చెట్లు చాలా తప్పిపోతాయి, కాబట్టి నేల మీద యాదృచ్ఛికంగా ఎంచిన గళ్లలో లెక్క తప్పదు. ఆ గళ్లను నాటినవాళ్లు ఎంచకూడదు. చచ్చినవాటి స్థానంలో నాటినవి వేరే గడిలో రాయాలి, కలిపేస్తే ఏటా 90 శాతం బతికినట్టే కాగితం చెబుతుంది. లెక్క ఎంత ముఖ్యమో లక్ష్యం రూపమూ అంతే. ఆఫ్రికా సమాఖ్య 2007లో ఆమోదించిన, సహారా దక్షిణ అంచున చెట్లు పెంచే గ్రేట్ గ్రీన్ వాల్ కూడా మొదట్లో ఖండానికి అడ్డంగా 15 కిలోమీటర్ల వెడల్పు చెట్ల గోడగానే ఊహించుకున్నది. తర్వాత పొలాలు, మేత నేలలు, చెట్లు కలిసిన మొజాయిక్‌గా మార్చుకున్నారు.

మీ పదేళ్లలో మొదటి ఏడాది ఒక్క మొక్కా నాటకండి. ఆ ఏడాది బతికున్న మోళ్ల లెక్క, గడ్డి నేలల హద్దులు, మూడేళ్లలో రెండేళ్లు పడే వాన మోతాదు, మూడు నాలుగు రకాల నేలల్లో పారుదల కొలత, తల్లి చెట్ల జాబితా, గింజల సేకరణ, చెట్టు హక్కు మీద ఉత్తర్వు, మేతకు మూసే వంతుల మీద ఊరి ఒప్పందం. రెండో ఏడాది పిలకల పని, కట్టలు, నర్సరీ. మూడో ఏడాది తొలకరికి, మోళ్లు లేని ఖాళీల్లో మాత్రమే, పైన వేసిన లెక్క ఎన్ని చెప్పిందో అన్ని మొక్కలు.